ముందు రుజువు, తర్వాతే సిమెంటు

నాసిరకం బ్లాకులతో కట్టిన ఇంటికి మరమ్మతు సొమ్ము ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

గోడకు బీట కనబడగానే మనం చేసే మొదటి పని మేస్త్రీకి ఫోన్ చేయడం. అతను తాపీ, గంప పట్టుకుని వస్తాడు. బీటను కాస్త చెక్కి, సిమెంటు కూరి, పైన పుట్టీ పెట్టి, రంగు వేసి పోతాడు. సాయంత్రానికి గోడ కొత్తదానిలా ఉంటుంది. ఆ బీటతో పాటు ఇంకొకటి కూడా పూడుకుపోయిందని అప్పటికి మనకు తట్టదు. బిల్డర్ దగ్గరో, కాంట్రాక్టర్ దగ్గరో, బ్లాకులు అమ్మినవాడి దగ్గరో ఖర్చు రాబట్టుకోవడానికి ఉన్న ఆధారం ఆ పుట్టీ కిందికి వెళ్లిపోయింది.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. మరమ్మతు సొమ్ము ప్రభుత్వం ఇచ్చినా, బిల్డర్ ఇచ్చినా, వినియోగదారుల కమిషన్ ఇప్పించినా అది కాగితం వెంటే నడుస్తుంది. కాబట్టి ముందు రుజువు, తర్వాతే సిమెంటు.

ప్రభుత్వమే ఇచ్చిన చోట ఏం జరిగింది?

ఐర్లండ్ వాయవ్య తీరాన డొనెగాల్, మేయో అనే కౌంటీలున్నాయి. అక్కడ వేలాది ఇళ్ల గోడలు పైనుంచి కింది దాకా సాలెగూడులా చీలిపోయాయి. బ్లాకును వేలితో నలిపితే పొడి రాలే స్థితి. కంకరలో మస్కోవైట్ అనే అభ్రకం ఎక్కువగా ఉండటం, అది నీళ్లు పీల్చుకోవడం, చలికి ఆ నీళ్లు గడ్డకట్టి బ్లాకును లోపలి నుంచి పగలగొట్టడం కారణమని మొదట తేల్చారు. పైరోటైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఖనిజం పాత్ర కూడా ఉందని తర్వాత బయటపడింది.

ప్రభుత్వం 2016లో నిపుణుల కమిటీ వేసింది. 2017లో నివేదిక వచ్చింది. దెబ్బతిన్న ఇంటిని ఎలా పరీక్షించాలో చెప్పే ప్రమాణం 2018లో తయారైంది. 2020లో తెచ్చిన మొదటి పథకంలో ఖర్చులో పదో వంతు ఇంటివాళ్లే పెట్టుకోవాలన్నారు. కూలిపోతున్న ఇంటికి ఆ పదో వంతు మాత్రం ఎక్కడి నుంచి తెస్తామంటూ 2021 జూన్‌లో వేలమంది రాజధాని డబ్లిన్‌లో రోడ్డెక్కారు. 2022లో చట్టం వచ్చింది. 2023 జులైలో మొదలైన కొత్త పథకంలో గరిష్ఠ గ్రాంటు 4 లక్షల 20 వేల యూరోలు. తర్వాత దాన్ని 4 లక్షల 62 వేలకు పెంచారు. ఇందుకు కొంత డబ్బు రాబట్టడానికి కాంక్రీటు ఉత్పత్తుల మీద 5 శాతం లెవీ వేశారు.

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలోనూ ఇదే పైరోటైట్ వేల ఇళ్ల పునాదులను తినేసింది. అక్కడ ఇంటి బీమా పాలసీల మీద ఏడాదికి 12 డాలర్ల సర్‌చార్జి వేసి, ఆ నిధితో పునాదులు మార్పిస్తున్నారు.

ఈ రెండు చోట్లా ఇంటివాడు వచ్చి "నా గోడ పగిలింది" అంటే చెక్కు రాయలేదు. ఇంజినీరు చూసి రాసిన నివేదిక, ల్యాబ్ ఫలితం, నష్టం ఫలానా స్థాయి దాటిందన్న నిర్ధారణ... ఇవన్నీ ఉన్నాకే ఫైలు కదిలింది.

మరి మన హైదరాబాద్ నాచారంలో?

ముందే సూటిగా చెబుతాను. నాసిరకం బ్లాకుల వల్ల దెబ్బతిన్న ఇళ్ల మరమ్మతుకంటూ తెలంగాణలో ప్రత్యేక గ్రాంటు లేదు. "ఆఫీసులో మనవాడున్నాడు, ఇప్పిస్తా" అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి పంపించండి.

ఉన్న పథకాల పేర్లు విని ఆశపడటమూ మామూలే. వాటి సంగతి చూద్దాం.

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తారు. అది పక్కా ఇల్లు లేనివారు కొత్తగా కట్టుకోవడానికి. పక్కా ఇల్లుండి గోడలు బీటలు వారినవారికి వర్తించదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతదీ అదే దారి: కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి సాయం, మరమ్మతుకు కాదు.

వరదో, గాలివానో కారణమైతే లెక్క వేరు. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1 లక్షా 20 వేలు, కనీసం 15 శాతం దెబ్బతింటే 6,500 రూపాయలు. 2020 అక్టోబరు వరదలప్పుడు హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం వేరే మొత్తాలు ప్రకటించింది: పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, పాక్షికంగా దెబ్బతిన్నదానికి 50 వేలు. ఇలాంటప్పుడు నీళ్లు తీసిన వెంటనే తహసీల్దారు కార్యాలయం వాళ్లు వచ్చి పంచనామా రాయాలి. గోడ మీద నీటి గుర్తు చెరిగిపోకముందే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంటి బీమా ఉంది కదా అనుకుంటే పాలసీ కాగితం మళ్లీ చదవండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఇస్తున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో వరద, తుపాను, నేల కుంగడం ఉన్నాయి. కానీ లోపభూయిష్టమైన డిజైన్, పనితనం, నాసిరకం సరుకు వల్ల నేల కుంగితే అది వర్తించదని అందులోనే రాసి ఉంటుంది.

అంటే మన దగ్గర దారి ప్రభుత్వ ఖజానా వైపు లేదు. నాసిరకం సరుకు వాడినవాడి జేబు వైపు ఉంది. చట్టం ఆ దారి తెరిచే పెట్టింది, గడువు లోపల నడిచినవారికి.

ముందు గోడను చదవండి

హెచ్‌ఎంటీ నగర్, స్నేహపురి కాలనీ, మల్లాపూర్, చిలుకానగర్... ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఎక్కువ శాతం పిల్లర్లు, బీములు, స్లాబు మీద నిలిచినవే. మధ్యలో బ్లాకుల గోడ బరువు మోయదు, గదిని మూస్తుంది. కాబట్టి ప్రతి బీటకూ గుండెలు బాదుకోనక్కర్లేదు.

పిల్లరు పక్కన గోడ పొడవునా నిలువుగా, సూటిగా వచ్చే గీత: కాంక్రీటు, బ్లాకు కలిసేచోట చికెన్ మెష్ వేయకుండా ప్లాస్టరింగ్ చేశారన్నమాట. చూడటానికి బాగుండదు, ప్రమాదం తక్కువ.

బ్లాకుల అతుకుల వెంట మెట్లు మెట్లుగా దిగే బీట: పునాది ఒక వైపు కుంగుతోందనో, బ్లాకు తడి ఆరకముందే గోడ కట్టారనో అనుమానించాలి.

సాలెగూడులా అన్ని వైపులకూ పాకే సన్న బీటలు, తట్టితే డొల్ల చప్పుడు, పెచ్చులూడిన చోట తాళంచెవితో గీకితే పొడి రాలడం: సరుకే నాసిరకం.

పిల్లరు మీదో, బీము మీదో బీట, దాని వెంట తుప్పు మరక: ఇక ఆలోచన వద్దు. ఆ గదిలో పడుకోవద్దు. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. మునిసిపల్ సర్కిల్ కార్యాలయంలో టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా చెప్పండి.

బీట పెరుగుతోందా, ఆగిపోయిందా తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. మధ్యలో స్కేలు ఆనించి ఫోటో తీయండి. నెలకోసారి అదే చోట, అదే దూరం నుంచి మళ్లీ తీయండి. గీత దాటి బీట ముందుకు పోతే ఆ ఫోటోల వరసే మీ తరఫు మొదటి సాక్షి.

బ్లాకు ఎందుకు చెడింది?

మన ఊళ్లో నీరు గడ్డకట్టే చలి లేదు కాబట్టి ఐర్లండ్ రోగం ఇక్కడ అదే రూపంలో రాదు. ఇక్కడి కారణాలు మరీ మామూలువి. సిమెంటు తగ్గించడం. రోబో శాండ్ పేరుతో క్రషర్ దుమ్ము కలపడం. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లు సరిగా పట్టకపోవడం. బ్లాకును కనీసం 14 రోజులు తడిగా ఉంచాలి, తర్వాత నాలుగు వారాలు ఆరబెట్టాకే గోడ కట్టాలి అని భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 చెబుతుంది. మే నెల ఎండలో, ట్యాంకరు నీళ్లు కొనే యూనిట్‌లో, సైటు నుంచి మేస్త్రీ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఆరు వారాలు ఆగేదెవరు? పచ్చి బ్లాకు ట్రాక్టరెక్కి వచ్చేస్తుంది. గోడలోకి వెళ్లాక ఆరుతుంది. ఆరుతూ కుంచించుకుపోతుంది. ప్లాస్టరింగును తనతో పాటు చీల్చుతుంది.

అదే ప్రమాణం సాలిడ్ బ్లాకుకు ఇంకో మూడు లెక్కలు చెబుతుంది. సాంద్రత ఘనపు మీటరుకు 1800 కిలోలకు తగ్గకూడదు. గ్రేడును బట్టి చదరపు మిల్లీమీటరుకు సగటున 4 లేదా 5 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. తన బరువులో 10 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు.

ఇందులో రెండింటిని ఇంటి దగ్గరే అంచనా వేయొచ్చు. 400 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 100 మందం ఉన్న నాలుగంగుళాల సాలిడ్ బ్లాకు పొడిగా ఉన్నప్పుడు 14.4 కిలోలకు తగ్గకుండా తూగాలి. కిరాణా కొట్టు కాటా చాలు. బాగా ఎండిన బ్లాకును తూచి, 24 గంటలు నీళ్ల తొట్టిలో ముంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 15 కిలోల బ్లాకు 16.5 కిలోలు దాటితే పీల్చడం ఎక్కువైనట్టే. ఇది మీ అనుమానం తీర్చుకోవడానికే, కమిషన్ ముందు చెల్లదు. చెల్లాలంటే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ నివేదిక కావాలి. మనకు దగ్గర్లో ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగం ఉంది. గచ్చిబౌలిలో సిమెంటు, నిర్మాణ సామగ్రి జాతీయ మండలి ఉంది. ముందుగా అడిగి కనుక్కోండి.

అందుకే ఒక జాగ్రత్త: మిగిలిపోయిన బ్లాకులు మిద్దె మీదో, సంపు పక్కనో పడి ఉంటే పారేయకండి. కనీసం పది దాచండి. బలం పరీక్షకే ఎనిమిది కావాలి.

ఎవరిని అడగాలి?

*బిల్డర్ దగ్గర ఫ్లాటు కొన్నవారు.* 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14వ సెక్షన్ మూడో ఉపవిభాగం మీ ఆయుధం. ఫ్లాటు చేతికిచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం గానీ, పనితనం లేదా నాణ్యత లోపం గానీ బయటపడి మీరు చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. ఐదేళ్లు లెక్కపెట్టేది రిజిస్ట్రేషన్ నుంచి కాదు, తాళాలు అందుకున్న రోజు నుంచి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టును రిజిస్టర్ చేయాలని తెలంగాణ రెరా అంటోంది. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో ఇంచుమించు 600 గజాలు. మీ అపార్ట్‌మెంటు 300 గజాల్లో ఉన్నా అంతస్తుకు రెండు చొప్పున ఐదంతస్తులుంటే పది ఫ్లాట్లు అయ్యాయి కదా! రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు వెతికి, ఫామ్ ఎం ద్వారా ఫిర్యాదు చేయండి.

*సొంత జాగాలో కాంట్రాక్టుకిచ్చి కట్టించుకున్నవారు.* ఇక్కడ ఒక తేడా గమనించాలి. మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు ఇస్తే బ్లాకు నాణ్యతకు బాధ్యత కాంట్రాక్టర్‌ది. లేబర్ కాంట్రాక్టు ఇచ్చి బ్లాకులు మీరే కొంటే సరుకు లోపానికి అమ్మినవాడు, పనితనం లోపానికి మేస్త్రీ. ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు కాబట్టి ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. వేదిక వినియోగదారుల కమిషన్. ఇళ్ల నిర్మాణం కూడా సేవే అని 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 50 లక్షల దాకా అయినా వెయ్యి రూపాయలు మించదు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు. సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 1915.

సరుకులో లోపం ల్యాబ్ పరీక్షతో గానీ తేలదనుకుంటే కమిషనే నమూనా తీయించి, సీలు వేసి ల్యాబ్‌కు పంపిస్తుంది. 45 రోజుల్లో నివేదిక రావాలని చట్టం చెబుతుంది. దాచిన బ్లాకుల విలువ అప్పుడు తెలుస్తుంది.

"బిల్లు లేదండీ, చీటీ మీద రాసిచ్చాడు" అంటారు చాలామంది. ఆ చీటీ కూడా కాగితమే. ఫోన్‌పేలో పంపిన డబ్బు రికార్డు, ట్రాక్టరు దించినప్పటి వాట్సాప్ ఫోటో, రేటు మాట్లాడుకున్న మెసేజీలు... అన్నీ ప్రింటు తీసి తేదీల వరసలో పెట్టండి.

ఉత్తరం ఇలా రాయండి

ఫోన్‌లో అరిచిన అరుపు ఎవరూ రికార్డు చేయరు. స్పీడ్ పోస్టు రసీదు మాత్రం నిలుస్తుంది. ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు.

"గౌరవనీయులైన ... గారికి,

మీరు నిర్మించిన ... అపార్ట్‌మెంటులో ... నంబరు ఫ్లాటును ... తేదీన నాకు అప్పగించారు. ... తేదీన హాలు తూర్పు గోడలోనూ, వంటింటి గోడలోనూ బీటలు గమనించాను. ఫోటోలు, ఇంజినీరు నివేదిక జతచేస్తున్నాను. రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయవలసిందిగా కోరుతున్నాను. పరిశీలనకు ఎప్పుడు వస్తారో తెలియజేయండి. అంతవరకు ఆ గోడలకు మరమ్మతు చేయించడం లేదు. గడువు లోపల స్పందించకపోతే రెరాను ఆశ్రయిస్తాను."

ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు, రెండు తేదీలు, ఒక గడువు ఉన్నాయి. కాంట్రాక్టర్‌కో, బ్లాకుల వ్యాపారికో రాస్తే రెరా సెక్షన్ బదులు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అని రాయండి. కాపీ దాచుకోండి.

అపార్ట్‌మెంటులో ఉంటే ఒంటరిగా పోరాడకండి. ఒకే లోడు బ్లాకులు అన్ని అంతస్తులకూ వెళ్లి ఉంటాయి. రెండో అంతస్తు వాళ్లకు పెచ్చులూడుతుంటే నాలుగో అంతస్తు వాళ్లకూ ఊడుతుంటాయి, చుట్టాలొస్తే బాగుండదని క్యాలెండరు తగిలించి ఉంటారు. అసోసియేషన్ మీటింగులో ఒక్కసారి అడగండి. తీర్మానం రాసి అందరి సంతకాలూ తీసుకోండి.

ఈలోపు ఖర్చుకు?

కేసు తేలేదాకా వాన ఆగదు. బిల్డర్‌కు నోటీసు అంది, ఇంజినీరు చూసి, ఫోటోలు తీసుకున్నాక అత్యవసరమైన పని చేయించుకోండి, బిల్లులు దాచండి. ఆ ఖర్చును కూడా అడగొచ్చు.

నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనిచేసేవారికి పీఎఫ్ ఒక ఆసరా. ఇల్లు పూర్తయి ఐదేళ్లు దాటితే, మెరుగులు, మార్పులు చేయించుకోవడానికి 12 నెలల జీతం దాకా తీసుకునే వీలు పాత నిబంధనల్లోనే ఉంది. ఇలాంటి 13 నిబంధనలను మూడు వర్గాలుగా కుదించి, ఇంటి అవసరాలను ఒక వర్గంగా పెట్టాలని పీఎఫ్ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. దరఖాస్తు చేసే ముందు పోర్టల్‌లో ఆనాటి నిబంధన చూసుకోండి. బ్యాంకులో ఇంటి లోను నడుస్తుంటే, పర్సనల్ లోను జోలికి వెళ్లే ముందు టాప్‌అప్ అడగండి, వడ్డీ తక్కువ పడుతుంది. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి, సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు కోసం తీసుకున్న అప్పు వడ్డీ మీద ఏడాదికి 30 వేల దాకా మినహాయింపు ఉంది.

ఇప్పుడే కట్టుకుంటున్నవారికి

బ్లాకులు ఆర్డరిచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ తేదీన పోశారు? ఎన్నాళ్లు నీళ్లు పట్టారు? ల్యాబ్ రిపోర్టు ఉందా? జవాబు బిల్లు మీద రాసివ్వమనండి. రాసివ్వనన్నవాడి సరుకు దించుకోవద్దు. లోడుకు రెండు బ్లాకులు పక్కన పెట్టి, వాటి మీద తేదీ, ట్రాక్టరు నంబరు రాయండి.

ఐర్లండ్ ప్రజలకు నిపుణుల కమిటీ నుంచి సరైన పథకం దాకా ఏడేళ్లు పట్టింది. మన ప్రభుత్వం కూడా అలాంటి నిధి పెట్టాలని అడగడంలో తప్పు లేదు, అడగాలి కూడా. కానీ మీ ఐదేళ్ల గడువు దానికోసం ఆగదు. ఈ పుస్తకం పక్కన పెట్టి బీరువాలోంచి ఇంటి కాగితాలు తీయండి. తాళాలు అందుకున్న తేదీ వెతికి, దానికి ఐదేళ్లు కలిపి, ఆ తేదీని ఫైలు మీద పెద్దక్షరాలతో రాయండి. ఇంట్లో బీట ఉంటే రేపు మేస్త్రీకి కాదు, ముందు ఇంజినీరుకు ఫోన్ చేయండి.